ఒక్క గోవిందా పట్టేంత సందు

మా పల్లె దేవుడు ఏడాదికొకసారి వేటకు పోతాడు. తిరుణాళ్ల చివరి రోజు పొద్దున పల్లకి ఎక్కి ఊరికి తూర్పున ఉన్న బీడులోకి వెళ్తాడు. అక్కడ గంప కింద మూసి ఉంచిన కుందేలును వదులుతారు. దేవుడి తరఫున ఒకరు తుపాకి పేలుస్తారు. కుందేలు తప్పించుకుని పోతుంది. దీన్ని పారువేట అంటారు. వేటంటే జంతువు చావాలి కదా అని చిన్నప్పుడు అడిగితే, "దేవుడు యాడన్నా కుందేలును తింటాడా పాపా, పరిగెత్తించడమే ఆయనకు సరదా" అన్నాడు నాయన.

ఆ తుపాకి పేల్చే హక్కు మా ఇంటిది. మా తాతకు తాత నాటి నుంచి వచ్చిన మర్యాద అది. పొలం పోయినా ఫరవాలేదు గానీ ఆ మర్యాద పోకూడదు అన్నట్టుండేవాడు నాయన. ఏడాదంతా చొక్కా లేకుండా తిరిగే మనిషి, ఆ ఒక్క రోజు ఇస్త్రీ చొక్కా తొడిగి, తలకు ఎర్రంచు పాగా చుట్టి, వీధిలో నడుస్తుంటే అమ్మ కూడా వాకిట్లోకి వచ్చి చూసేది.

మా తుపాకి అందరి తుపాకుల్లాంటిది కాదు. చెకుముకి తుపాకి. గొట్టం మూతిలోంచి మందు పోసి కడ్డీతో కూరాలి. గొట్టం మొదట్లో పక్కన చిన్న రంధ్రం ఉంటుంది, దాన్ని చెవి అంటారు. చెవి దగ్గర గిన్నెలాంటి గుంట. అందులో చిటికెడు మెత్తటి మందు వేస్తే దాని పేరు రంజకం. చెకుముకి రాయిని పళ్ల మధ్య పట్టుకున్న కొక్కేన్ని మావాళ్లు గుర్రం అంటారు. మీట నొక్కితే గుర్రం వచ్చి ఇనుము మీద పడుతుంది, నిప్పురవ్వలు రాలి రంజకం భగ్గుమంటుంది, ఆ నిప్పు చెవిలోంచి లోపలికి పాకుతుంది. అప్పుడు ఢాం.

అసలు సంగతంతా ఆ పాకే సమయంలోనే ఉంది. రంజకం మెరిసిన తర్వాత తుపాకి పేలేదాకా చిన్న సందు వస్తుంది. ఆ సందులో బీడులో ఉన్న జనమంతా ఒక్కసారిగా "గోవిందా" అనాలి. గో దగ్గర మెరుపు, దా దగ్గర ఢాం. అలా కుదిరితే వానలు బాగా పడతాయని మా వైపు నమ్మకం. దేవుడు కుందేలుకు ఇచ్చే గడువు అది అని పూజారి చెప్పేవాడు.

పంతొమ్మిది వందల ఎనభై దాటిన కొత్తలో ఒక ఏడాది ఆ తుపాకి పరువు తీసింది. రంజకం మెరిసింది. జనం గోవిందా అన్నారు. తుపాకి పేలలేదు. జనం మొహమాటానికి మళ్లీ గోవిందా అన్నారు. ఊహూ. కుందేలు నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి కూర్చుని మమ్మల్నే చూసింది. నాకు నవ్వు ఆగలేదు. పద్దెనిమిదేళ్లు నాకు, మదనపల్లెలో కాలేజీ చదువు, నవ్వడానికి కారణం అక్కర్లేని వయసు. కుందేలు మీదికి ఎవరో తాటాకు విసిరితే అది కదల్లేదు. తాటాకు చప్పుళ్లకు కుందేళ్లు బెదరవనే సామెతను ఊరంతా కళ్లారా చూసింది.

నవ్వు ఆపుకుని నాయన ముఖం చూశాను. పాగా కింద ఆయన చెవులు ఎర్రబడి ఉన్నాయి. అప్పుడు నవ్వినందుకు నాకు ఈనాటికీ సిగ్గే.

గంప ఎత్తి కుందేలును వదిలే మర్యాద పై వీధి పెద్దాయనది. ఆయన గంప చంకన పెట్టుకుని అందరి ఎదుటా అన్నాడు. "వచ్చే ఏడు కూడా ఇట్లే అయితే దేవునికే అవమానమప్పా. మా ఇంట్లో టోపీ తుపాకి ఉండాది. గుడ్డిగా నొక్కినా పేలుతాది. ఇంకొక్క తూరి సూస్తాం, లేదంటే మేమే పేలుస్తాం." నాయన తల ఊపాడు. ఏడాది గడువు, అంతే.

పాత తుపాకి గొట్టం లోపల తుప్పు తిని చిల్లు పడిందని ఇంటికొచ్చాక తేలింది. కొత్తది ఎంచుకోవాలి. పంట కాపలా కోసం మాకు ఒక్క నాటు తుపాకికి లైసెన్సు ఉండేది, అంటే కొత్తది కూడా ఒక్కటే. మా అమ్మ అక్కడే అడ్డుపడింది. బావి కింద శెనక్కాయ వేస్తే అడవిపందులు వచ్చి దున్నిపోయేవి. దేవుడి తుపాకి ఏటా ఒక్క రోజు పేలుతుంది, పందులు రోజూ వస్తాయి అనేది ఆమె లెక్క.

"దేముడేమన్నా మన సెనిక్కాయ తింటాండాడా? తింటాండేది పందులు. పందుల కోసం తుపాకి కొను, అదే దేముని కాడికి ఎత్తకపో" అంది.

"పందుల్ని కొట్టే తుపాకితో దేముణ్ని వేటకు పిలుస్తావా?" అన్నాడు నాయన.

ఇద్దరి మధ్యా లైసెన్సు పుస్తకం చదవగలిగింది, అర్జీ రాయగలిగింది నేనొక్కదాన్నే. అందుకని తుపాకి వెతకడానికి నాయన ఎక్కడికి పోయినా నేను వెంట ఉన్నాను. కాలేజీ ఎగ్గొట్టడానికి అంతకన్నా పెద్ద కారణం మదనపల్లెలో ఇంకెవరికీ దొరికి ఉండదు.

మొదట మదనపల్లెలోనే వెతికాం. తాలూకాఫీసులో పాత తుపాకికి బదులు కొత్తది తీసుకోవడానికి అర్జీ పెట్టి బయటికి వస్తే, ఎదురు వీధిలో నాటకాలకు డ్రెస్సులు అద్దెకిచ్చే అంగడి కనిపించింది. గోడకు గదలు, విల్లులు, వాటి నడుమ ఒక చెకుముకి తుపాకి. అంత అందమైన తుపాకిని నేను మళ్లీ చూడలేదు. కట్టె మీద నెమళ్లు, గొట్టానికి బంగారు రంగు. నాయన ఎద్దును ఎంచినట్టు దాని చుట్టూ తిరిగాడు. వేలి ఉంగరంతో గొట్టం మీద కొట్టాడు. టక్కుమంది, ఇనుము పలికే పలుకు కాదు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"వజ్రం వాసనొస్తాండాదే" అన్నాడు. వడ్రంగులు కొయ్యను అతికించే బంక అది.

"కొయ్యదే అన్నా. లోపల దీపావళి తుపాకి పెట్టినాం, టప్‌మని పేలుతాది. జనానికి తెలీదు" అన్నాడు అంగడి ఆయన. ఆయన స్వయంగా నాటకాల్లో పాలెగాడి వేషం కట్టేవాడట. నాయన భుజం మీద ఆ తుపాకి ఆనించి, దూరం నుంచి చూసి, ఏదో తక్కువైందని లోపలికి వెళ్లి ఒక గుబురు మీసం తెచ్చి నాయన మూతికి అతికించాడు. నేను గదల వెనకకు వెళ్లి కూర్చుని నవ్వాను. నాయన అద్దంలో చూసుకున్నాడు. ఎంతసేపు చూసుకున్నాడంటే, అంగడి ఆయనే గొంతు సవరించుకోవలసి వచ్చింది.

"జనానికి తెలీదులే. కుందేలుకు తెలుస్తాది" అని మీసం తీసి ఇచ్చేశాడు నాయన. బస్టాండు దాకా మూతి గోక్కుంటూనే వచ్చాడు.

రెండోది కుప్పంలో చూశాం. మా మామ, అంటే అమ్మ తమ్ముడు, అక్కడ ఉండేవాడు. ఆయన దగ్గర ఒక టోపీ తుపాకి ఉంది, కావాలంటే మీ లైసెన్సులోకి రాయించుకోండి అని కబురు పంపాడు. ఈసారి అమ్మ కూడా బయల్దేరింది. పలమనేరులో బస్సు మారి కుప్పంలో దిగేసరికి నా చెవులు పండగ చేసుకున్నాయి. ఆ ఊళ్లో మాట తెలుగులో మొదలై, అరవంలో నడిచి, కన్నడంలో ఆగేది. మా మామ తన తుపాకిని మూడు భాషల్లోనూ పొగిడాడు.

టోపీ తుపాకికి చెకుముకి రాయి ఉండదు. చెవి మీద చిన్న రాగి టోపీ తొడిగి, దాని మీద గుర్రంతో కొట్టడమే. మామ పెరటి గోడ మీద పగిలిన కుండ పెట్టాడు.

"పాపా, నువ్వు గోవిందా అను, సూస్తాం" అన్నాడు నాయన.

నేను "గో" అన్నాను. కుండ లేదు. "విందా" నా నోట్లోనే ఉండిపోయింది.

అమ్మ ముఖం దీపం పెట్టినట్టు వెలిగింది. "ఇది తుపాకంటే. పంది తల తిప్పే లోపల పడిపోతాది" అంది. నాయన ముఖం మాడిపోయింది. వంకలు వెతకడం మొదలుపెట్టాడు. బరువన్నాడు. కట్టె ఎడమకు వంగిందన్నాడు. చివరికి తుపాకికి సుడి బాగాలేదన్నాడు. మా మామ తుపాకిని తిప్పి తిప్పి సుడి ఎక్కడుందో వెతికాడు పాపం.

తిరుగు బస్సులో ఇద్దరూ కొట్లాడుకున్నారు. నడుమ సీట్లో నేను.

"ఆలస్యం అమృతం విషం అంటారు. ఆలస్యంగా పేలే తుపాకి కావాలని తిరిగే మొగోణ్ని నిన్నే సూస్తాండా" అంది అమ్మ.

"తుపాకి యాడైనా పేలుతాది. గోవిందా అనేదానికి సందుండల్ల. ఆ సందు లేకుంటే అది వేట గాదు, సంపడమే" అన్నాడు నాయన.

"మీ నాయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు" అంది అమ్మ నాతో. ముందు సీట్లో కోళ్ల గంపతో కూర్చున్న ముసలామె వెనక్కి తిరిగి, "ఆ మూడు కాళ్ల కుందేలు యాడ దొరుకుతాదమ్మా" అని అడిగింది. ఇక నేను పలమనేరు దాకా నవ్వు ఆపలేదు. అమ్మ నా తొడ మీద గిచ్చిన గుర్తు వారం ఉంది.

పుంగనూరు సాయిబు గురించి మాకు తాలూకాఫీసు బంట్రోతు చెప్పాడు. లైసెన్సు ఉన్న నాటు తుపాకులు బాగుచేసే ఇల్లు అది. ఇరుకు సందులో కొలిమి, గుమ్మానికి పరదా, బయట ఒక బెంచీ. మేము పాత తుపాకిని గోనెసంచిలో చుట్టి తీసుకెళ్లాం. సాయిబు దాన్ని ఒళ్లో పెట్టుకుని, తుప్పు మీద బొటనవేలితో మెల్లగా రుద్దాడు. గొట్టం పనికిరాదు, గుర్రం, దాని స్ప్రింగు మాత్రం బంగారం అన్నాడు. వాటిని తీసి, దీని కొలతలతోనే కొత్తది కడతానన్నాడు. నాయన ఆనందం పట్టలేక ఆయన చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత అసలు కోరిక చెప్పాడు.

సాయిబు కళ్లద్దాలు తీశాడు. "ఏమప్పా, ఇన్నేండ్లుగా ఈ పని సేస్తాండా. లేటుగా పేలతాండాది, సరిసెయ్యి అని వచ్చినోళ్లను సూసినా. లేటు సెయ్యమని వచ్చినోణ్ని ఇదే సూడడం. నక్కో అప్పా, కుదరదు. నా సేతి తుపాకి లేటుగా పేలితే నాకు పేరు పోతాది."

నాయన బెంచీ మీద కూర్చుని పారువేట మొత్తం చెప్పాడు.  పై వీధి పెద్దాయన అన్న మాట చెప్పేటప్పుడు నేల చూశాడు. సాయిబు విన్నాడు. టీ తెప్పించాడు. టీ తాగాక అడిగాడు.

"ఆ గోవిందా ఎంత పొడుగుంటాదప్పా?"

అలా మొదలైంది. నెలలో తుపాకి తయారైంది. నాయన మొదటి మాట: "ఏంది సాయిబన్నా, పుంగనూరు ఆవు మాదిరి పొట్టిగా ఉండాది."

"పుంగనూరు ఆవు పొట్టిదే. పాలు సూడప్పా" అన్నాడు సాయిబు.

కొలత పెట్టి చూస్తే పాతదానికి వేలెడు కూడా తక్కువ లేదు. కొత్త కట్టె నల్లబడలేదు కాబట్టి పొట్టిగా కనిపించింది.

కొలిమి వెనక మట్టిగోడ ముందు పరీక్షలు జరిగాయి. మందు మాత్రమే, సీసం లేదు. మొదటిసారి నన్ను గోవిందా అనమన్నారు. నేను "గోవిం" దగ్గర నవ్వేశాను. "బేటీ నవ్వితే లెక్క తప్పుతాది" అని సాయిబు విసుక్కుని, రెండోసారి తానే అన్నాడు. గంభీరమైన గొంతు ఆయనది. పరదా వెనక ఆయన భార్య పకపకా నవ్వడం వినిపించింది. తుపాకి "విం" దగ్గరే పేలిపోయింది. సాయిబు చెవిని ఇంకొంచెం సన్నం చేశాడు. చెవి సన్నగా, పొడుగ్గా ఉండి దాని నిండా మందు ఉంటే నిప్పు వత్తిలా నిదానంగా పాకుతుందట. మూడోసారి నాయన అన్నాడు. "దా" దాటి, ఊపిరి తీసుకున్నాక పేలింది. మళ్లీ వెడల్పు చేయాలి.

అప్పుడు సాయిబుకే తట్టింది. "ఒక్క మనిషి గోవిందా వేరే, ఊరి గోవిందా వేరే. జనం అన్నప్పుడు సాగుతాది కదప్పా." నిజమే. ఆయన సందు చివరికి వెళ్లి టీ అంగడిలో ఉన్నవాళ్లను, బీడీలు చుట్టేవాళ్లను, సైకిలు పంపు కొట్టేవాణ్ని పిలుచుకొచ్చాడు. టోపీలు పెట్టినవాళ్లు, విభూతి పెట్టినవాళ్లు, లుంగీలు, పంచెలు, అందరూ గోడకు ఆనుకుని నిలబడ్డారు. సాయిబు చెయ్యి ఎత్తి దించితే అందరూ గోవిందా అనాలి. నాయన మీట నొక్కాడు. భగ్గుమంది. సందంతా "గోవిందా" అంది. సరిగ్గా "దా" ముగిసే చోట ఢాం అంది. మట్టిగోడ మీద కూర్చున్న పిల్లి మాత్రం ఎవరి సలహా అడగకుండా వెళ్లిపోయింది.

సాయిబు పొగలోంచి నవ్వుతూ వచ్చాడు. "ఇంక ముట్టను. ఈ చెవిని ఎవరితోనూ ముట్టనియ్యద్దు" అన్నాడు. నాయన ఆయన్ని కౌగిలించుకున్నాడు. నేను ఎవరినీ కౌగిలించుకోలేక గెంతాను. నా జీవితంలో అంత ఆనందంగా ఉన్న మధ్యాహ్నాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

బయల్దేరేటప్పుడు సాయిబు ఒక మాట చెప్పాడు. "అమ్మ పందుల కోసం అడుగుతాండాది అంటివి కదా. సీసం ఏస్తే ఇదే పందికి పనికొస్తాది. కానీ జ్ఞాపకం పెట్టుకోండి. లోపల సీసం ఉన్నప్పుడు గుర్రానికి ఎర్రగుడ్డ కట్టండి. గుడ్డ ఉంటే సీసం ఉండాది అని గుర్తు."

పందుల దగ్గర మా తుపాకి వేషాలు చెప్పాలంటే సిగ్గు. ఒక సాయంకాలం చీకటి పడే వేళ పంది వచ్చింది. అమ్మ పట్టుపట్టి తానే మీట నొక్కింది. రంజకం భగ్గుమనగానే పంది ఆ వెలుగు చూసి, తల పక్కకు తిప్పి, నాలుగడుగులు నడిచి వెళ్లింది. అది నిలబడ్డ చోట అప్పుడు సీసం దిగింది. "గోవిందా అనడం ఒకటే తక్కువ దానికి" అంది అమ్మ. కానీ ఆ చప్పుడుకు పందులు వారం రోజులు రాలేదు కనక మెత్తబడింది. వారం తర్వాత మళ్లీ వచ్చాయి. అప్పటికి తిరుణాళ్లు దగ్గరపడ్డాయి. అమ్మ అడిగితే నేనే మందు కూర్చి, పైన సీసం గుండ్లు పోసి, గుర్రానికి ఎర్రగుడ్డ కట్టి వసారాలో ఆనించాను. రెండు రోజులు పందులు రాలేదు. తుపాకి అలాగే ఉంది.

పారువేట రోజు మా ఇల్లు ఇల్లుగా లేదు. నాయన పాగా మూడుసార్లు చుట్టి మూడుసార్లు విప్పాడు. అమ్మ తుపాకికి పసుపు కుంకుమ పెట్టి పూలు కట్టింది. నేను కొత్త పరికిణీ ఓణీ వేసుకుని, జడలో కనకాంబరాలు ఎటువైపు తిప్పాలా అని అద్దం దగ్గర నిలబడి ఉన్నాను.

"మందు కూర్చినావా పాపా?" అని వాకిట్లోంచి కేకేశాడు నాయన.

"కూర్చినా నాయనా" అన్నాను. అద్దంలోంచి కళ్లు తీయలేదు.

బీడు నిండా జనం. చింతచెట్టు కొమ్మకు కట్టిన మైకుసెట్టు గొట్టంలోంచి భక్తిపాటలు చెవులు చిల్లులు పడేలా వస్తున్నాయి. పల్లకి దించారు. పై వీధి పెద్దాయన గంప మీద చెయ్యి వేసి వంగి ఉన్నాడు. ఆయన కొడుకు పక్కనే టోపీ తుపాకితో సిద్ధంగా నిలబడ్డాడు. మాది పేలకపోతే వాళ్లది పేలుతుంది. ఆ తర్వాత ఎప్పటికీ వాళ్లదే పేలుతుంది. నేను మందు నింపిన ఎద్దు కొమ్ము పట్టుకుని నాయన ఎడమ పక్క ఉన్నాను. ఆయన గిన్నెలో రంజకం వేశాడు. 

పెద్దాయన గంప ఎత్తాడు. కుందేలు దూకింది. నాయన గురిపెట్టి గుర్రాన్ని వెనక్కి లాగాడు. గుర్రానికి కట్టిన బంతిపూల దండ ఊగింది. బాగుందే, అనుకున్నాను. అమ్మ చక్కగా కట్టింది. ఇంతకు ముందు అక్కడేముండేది, ఎర్రగుడ్డ కదా, అనుకున్నాను.

నాయన మీట నొక్కాడు.

"గో" అనేసరికి రంజకం భగ్గుమంది, లోపల సీసం ఉందని నాకు గుర్తొచ్చింది. నేను అరిచాను, కానీ ఊరంతా అరుస్తున్నప్పుడు ఒక్క పిల్ల అరుపు ఎవరికి వినిపిస్తుంది? "విం" అనేసరికి కొమ్ము పారేసి దూకాను. "దా" అనేసరికి గొట్టం కింద రెండు చేతులూ పెట్టి పైకి ఎత్తాను. ఢాం అంది. అది మందు చప్పుడు కాదు. మైకుసెట్టు ఒక్కసారి కీచుమని అరిచి ఊరుకుంది.

పొగ తేలిపోయాక చూస్తే, చింతచెట్టు మీద మైకు గొట్టానికి జల్లెడలా చిల్లులు. కుందేలు తూర్పు దిక్కుగా, అంటే వానల దిక్కుగా, చుక్కలా పోతోంది. పై వీధి పెద్దాయన గంప పట్టుకుని నిలబడ్డ చోటే ఉన్నాడు. గొట్టం ఎత్తకపోయి ఉంటే గుండ్లు ఆయన మోకాళ్ల దగ్గరికే వెళ్లేవి.  నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

"పేల్చే తుపాకి మీద ఇంకో చెయ్యి పడింది. మర్యాద తప్పింది" అన్నాడు పెద్దాయన కొడుకు.

నాయన తుపాకి దించాడు. దాచవచ్చు ఆయన. గొట్టం జారిందని చెప్పవచ్చు. "లోపల సీసం ఉండె అన్నా. నా బిడ్డ ఎత్తకపోతే నీ కాళ్లు పోయిండేవి" అన్నాడు పెద్దాయనతో.

"సీసం ఎవురేసినారు?" అన్నాడు పెద్దాయన.

"నేనే. మర్చిపోయినా" అన్నాడు నాయన.

నేను నోరు తెరవబోయాను. ఆయన నా వైపు చూసిన చూపుకు మూసుకున్నాను.

పెద్దాయన తన కాళ్లు చూసుకున్నాడు. మైకు గొట్టం చూశాడు. తర్వాత కొడుకు చేతిలోని టోపీ తుపాకి చూశాడు.  "మాది అయ్యింటే" అని మొదలుపెట్టి ఆపేశాడు. ఆ మాట పూర్తి చెయ్యనక్కర్లేదని అందరికీ తెలిసింది. ఖాళీ గంప తెచ్చి నాయన పాదాల దగ్గర పెట్టాడు. "మీ తుపాకే ఉండనీ అప్పా. మనిషికి కూడా కొంచెం గడువు కావల్ల" అన్నాడు. ఎవరో గోవిందా అన్నారు. అంతా అన్నారు. మైకుసెట్టువాడు ఒక్కడే అనలేదు.

ఇంటికొచ్చాక అమ్మ నన్ను ఉతికి ఆరేసింది. కళ్లు నెత్తికెక్కాయంది, అద్దం పగలగొడతానంది. నాయన తుపాకి తుడుస్తూ కూర్చున్నాడు. తిట్లు అయ్యాక మందు కొమ్ము తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"ఇంగ మీద మందు పాపే కూరుస్తాది. ఇంకెవురూ ముట్టద్దు" అన్నాడు.

"తప్పు చేసిందాని చేతికే ఇస్తాండావా?" అంది అమ్మ.

"ఈ ఇంట్లో ఇంగెప్పుడూ మర్చిపోనిది అదొక్కతే" అన్నాడు నాయన.

అమ్మ పెరట్లోకి వెళ్లింది. కొంతసేపటికి చెత్తకుప్ప వైపు నుంచి వచ్చి ఎర్రగుడ్డ నా పక్కన పెట్టింది. పూజకు మాసిన గుడ్డ ఎందుకని తీసి పారేసింది తానేనట. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ముందు నవ్వింది ఆమే.

ఆ వారమే సాయిబు దగ్గరికి వెళ్తే, అంతా విని, మందు కూరే కడ్డీ మీద ఆకురాయితో మూడు గాట్లు పెట్టాడు. ఖాళీ గొట్టంలో దింపితే అన్నిటికన్నా పై గాటు దాకా, మందు ఉంటే దాని కింద రెండో గాటు దాకా, సీసం ఉంటే మూడో గాటు దాకా దిగుతుంది. గుడ్డ ఊడినా గాటు ఊడదన్నాడు. పెళ్లయి కుప్పం వెళ్లిపోయాక కూడా ప్రతి తిరుణాళ్లకూ నేనే వచ్చి మందు కూర్చాను. మీట నొక్కే ముందు, పల్లకి ఎదుట, ఊరంతా వినేలా నాయన అడిగేవాడు. "మందు కూర్చినావా పాపా?" నేను కడ్డీ దింపి, గాటు చూసి, "మందే నాయనా, ఇంకేమీ లేదు" అనేదాన్ని. అప్పుడు గానీ పెద్దాయన గంప మీద చెయ్యి వేసేవాడు కాదు.

ఇప్పుడు నాయన లేడు. తుపాకి కూడా పోలీస్‌స్టేషన్‌లో అప్పగించేశాం. పారువేటకు టపాకాయ పేలుస్తున్నారు. మొన్న తిరుణాళ్లకు వెళ్లి జనంలో నిలబడ్డాను. వత్తి అంటించే ముందు పూజారి చెయ్యి ఎత్తి ఆపాడు. "మందు కూర్చినావా పాపా?" అని అడిగాడు. పల్లకి పక్కన నిలబడ్డ ఎవరి పిల్లో, నాకు తెలియని పిల్ల, "మందే నాయనా, ఇంకేమీ లేదు" అంది. ఆ మాట ఎందుకు అంటారని ఆ పిల్లనడిగాను. తనకు తెలియదట, మొదటి నుంచీ అంతేనట.